48 వేల జీతంతోని పొదుపు ఎట్ల? పండుగలు, తిరుగుడు మాత్రం బంద్ పెట్టం

హన్మకొండ_పద్దు:

ఇద్దరి జీతాలు కలిపి నెలకు చేతికొచ్చేది 48,000. నాది 36,000. మా ఇంటామె బట్టల షాపుల చేస్తది, ఆమెది 12,000. పాపకు 11 ఏండ్లు, బాబుకు 8. నయీంనగర్‌ల కిరాయి ఇల్లు.

నెల ఖర్చు ఇట్లుంది: కిరాయి 9,500, కిరాణం కూరగాయలు 11,000, పాలు 1,900, పెట్రోలు 2,800, బండి కిస్తు 3,200 (ఇంకా 7 కిస్తులున్నయి), కరెంటు 1,200, గ్యాస్ 950, ఫోన్లు నెట్టు 1,150, చిట్టీ 5,000, బయట తిండి సినిమాలు 5,500. మొత్తం 42,200. కాయితం మీద 5,800 మిగలాలె, చేతిల ఎన్నడూ మిగలదు. స్కూల్ ఫీజులు ఇద్దరికి కలిపి ఏడాదికి 70,000. సగం జూన్ల, సగం దసరా సెలవులైనంక కట్టాలె. జూన్ వచ్చిందంటే చేబదులే.

చిట్టీ లక్షది, 20 మందిమి, 8 నెలలు కట్టినం, ఇంకా ఎత్తలేదు.

నెలకొకసారన్నా పిల్లలను ఎటన్న తీస్కపోతం, బతుకమ్మ దసరా మంచిగ చేస్కుంటం. అవి తీసేయమని చెప్పకుండ్రి. అవి ఉంచుకోనే నెలకు ఓ 5,000 పక్కకు పడే దారి చెప్పుండ్రి.

సూటిగా:

బయట తిండి 5,500 మొత్తం బంద్. అయిపాయె. మీరడిగిన 5,000 అక్కడనే ఉంది.

బీట్‌బజార్_లెక్క:

అట్ల ఒక్కసారే బంద్ పెట్టిన ఇల్లు రెండు నెలలు ఓపిక పడుతుంది. మూడో నెలలో పెళ్లికో పుట్టినరోజుకో పోయి, ఆపిందంతా ఒక్క వారంలో ఖర్చు చేస్తుంది. అసలు గండి బయట తిండి దగ్గర లేదు కూడా.

అన్నా, మీరు రాసింది నెల పద్దు. ఏడాది పద్దు రాయలేదు. ఫీజులు 70,000. బతుకమ్మ, దసరా బట్టలు, పిండివంటలు, మాంసం కలిపి మీ సైజు ఇంటికి 15,000 వేసుకోండి. సంక్రాంతికి 5,000. పెళ్లిళ్లలో చదివింపులు, ఊరికి రాకపోకలు 12,000. బండి ఇన్సూరెన్సు, సర్వీసింగు, టైర్లు 6,000. మొత్తం 1,08,000. పన్నెండుతో భాగిస్తే నెలకు 9,000.

మీ దగ్గర మిగిలేది 5,800. అంటే నెలకు 3,200 లోటు, ఏడాదికి 38,400. మీరు ఏడాదిలో తెచ్చే చేబదుళ్లు కూడి చూడండి, ఇంచుమించు ఆ అంకెకే వస్తాయి. దుబారా ఏమీ కాదు. నెలకోసారి రాని ఖర్చును నెల పద్దులో ఎక్కించకపోవడం, అంతే.

కాబట్టి ముందు చేయాల్సింది ఇంకో ఖాతా. జీతం పడే బ్యాంకులో కాదు, వేరే బ్యాంకులో. ఏటీఎం కార్డు తీసుకోవద్దు, ఫోన్‌లో యూపీఐకి కలపవద్దు. జీతం పడ్డ రెండో రోజున 9,000 దానంతటదే అక్కడికి పోయేలా స్టాండింగ్ ఇన్‌స్ట్రక్షన్ పెట్టండి. జీతం రోజునే పెడితే, జీతం ఒక పూట ఆలస్యమైనప్పుడు ఖాతాలో డబ్బు లేక అది తిరిగిపోతుంది, పైగా బ్యాంకు ఛార్జీ పడుతుంది. ఈ 9,000లో జూన్ ఫీజు వాటా 2,900 చిల్లర. ఆ ముక్కను 11 నెలల బ్యాంకు ఆర్డీగా (నెలనెలా ఒకే మొత్తం కట్టే డిపాజిట్) వేస్తే మే నెలాఖరుకు చేతికొస్తుంది. పోస్టాఫీసు ఆర్డీ ఈ పనికి రాదు, అది 5 ఏళ్లది. 3 ఏళ్లు నిండాక మధ్యలో మూసేసినా సేవింగ్స్ ఖాతా వడ్డీనే ఇస్తారు.

ఇప్పుడు ఆ 3,200 ఎక్కడినుంచి తేవాలన్నది. బయట తిండి 5,500ను 3,000 చేయండి, సున్నా వద్దు. కిరాణంలో 1,200 దిగుతుంది. కరెంటులో 300 దిగుతుంది, ఆ సంగతి తెలిసినవాళ్లు రాస్తారు. మొత్తం 4,000. లోటు పూడి 800 మిగులుతుంది. ఏడు నెలలకు బండి కిస్తు అయిపోతుంది, 800 కాస్తా 4,000 అవుతుంది. ఆపై అయిదు నెలలకు చిట్టీ కూడా తీరితే 9,000. మీరడిగిన 5,000 ఈ నెల నుంచే కావాలంటే కుదరదు. ఏడు నెలల దాకా లోటు పూడ్చడమే మీ పొదుపు.

కిరాణం మాట. నలుగురికి, అందులో ఇద్దరు పిల్లలు, నెలకు బియ్యం 25 కిలోలు, కందిపప్పు రెండున్నర, నూనె 4 లీటర్లు, చక్కెర 2 కిలోలు, చింతపండు అర కిలో సరిపోతాయి. వీటిని మించి కొంటున్నారంటే పారబోతలో పోతోంది. ఏడాదికోసారి కొనాల్సినవి మూడే: ఎండుమిర్చి, చింతపండు, పసుపు. మూడూ ఫిబ్రవరి నుంచి ఏప్రిల్ మధ్య కొత్త పంట దిగినప్పుడు బీట్ బజార్‌లో తీసుకోండి.

మిర్చి ఏడాదికి 4 కిలోలు చాలు, తొక్కులకు కలిపి. 3 కిలోలు తేజ, 1 కిలో చపాటా. తేజది కారం, చపాటాది రంగు. మన చపాటాకు 2025లో భౌగోళిక గుర్తింపు వచ్చింది, అందుకని ప్రతి ఎర్రకాయనూ చపాటా అని అమ్మేవాళ్లూ తయారయ్యారు. అసలుది పొట్టిగా, లావుగా, టమాటలా ఉబ్బి ఉంటుంది. కాయను చెవి దగ్గర ఊపితే గింజ గలగలమనాలి. అనకపోతే ఇంకో రెండు రోజులు ఎండబెట్టండి, తొడిమెలు తీసి పట్టించండి. గిర్నీ నుంచి వచ్చిన కారం వేడిగా ఉంటుంది. దాన్ని అట్లనే డబ్బాలో నొక్కి మూత పెడితే లోపల చెమట పట్టి గడ్డ కట్టి బూజు వస్తుంది. పేపర్ మీద పరిచి, పూర్తిగా చల్లారాక ఎత్తండి.

బియ్యానికి లెక్క వేరు. ఊళ్లో వడ్లు కొని మర పట్టిస్తే చౌక అని అందరూ అంటారు, కొన్నిసార్లే నిజం. క్వింటాలు వడ్లకు 65 నుంచి 67 కిలోల బియ్యం వస్తాయి. వడ్ల ధర, మర కూలి, ఆటో కిరాయి కలిపి 66తో భాగించండి. ఆ అంకె షాపు ధరకన్నా కిలోకు 5 రూపాయలన్నా తక్కువ లేకపోతే ఆ తిప్పలు వద్దు. కొత్త బియ్యం మెత్తబడుతుంది కాబట్టి డిసెంబరులో కొన్నది ఎండాకాలం దాకా ఆపాలి. కిరాయి ఇంట్లో అంత జాగ ఉండదు. మూడు నెలలవి, 75 కిలోలు, ఒకసారి తెచ్చుకుంటే చాలు. బస్తాను నేల మీద పెట్టకండి. చెక్క మీద, గోడకు నాలుగు వేళ్ల ఎడంగా పెట్టండి. పురుగు పట్టేది ముందు నేల తేమ తగిలిన మూలకే.

మీటర్_మామ:

1,200 బిల్లు అంటే మీరు 200 యూనిట్ల గీతను కొంచెం దాటుతున్నరు. అక్కడనే దెబ్బ. మన దగ్గర 100 దాటి 200 లోపు వాడినోళ్లకు మొదటి 100 యూనిట్లు 3.40, తర్వాతి 100 యూనిట్లు 4.80. 200 దాటిందంటే మొదటి యూనిట్ నుంచే 5.10 పడుతది, పైవి 7.70. లెక్క చూడుండ్రి. 195 యూనిట్లకు 796 రూపాయలు. 210కి 1,097. పదిహేను యూనిట్లకు 301 రూపాయలు. ఫిక్సుడు ఛార్జీ, కస్టమర్ ఛార్జీ, సుంకం వేరే.

ఉచిత కరెంటు ఇచ్చే గృహజ్యోతి మీకు రాదు. తెల్ల రేషన్ కార్డు ఉండాలె, పట్నంల దానికి ఏడాది ఆదాయం 2 లక్షల లోపుండాలె.

గా పదిహేను యూనిట్లు ఎక్కడ తగ్గియ్యాలె? గీజర్ 2 కిలోవాట్లది అర గంట నడిస్తే ఒక యూనిట్. పొద్దుగాల స్విచ్ వేసి మరిచిపోతే నెలకు 30. వేడి 50 డిగ్రీల మీద పెట్టుండ్రి, ఒకరి వెనుక ఒకరు స్నానం చేయుండ్రి. అందరికంటే ముందు ఒకరు, గంటకు ఇంకొకరు అంటే అది రెండుసార్లు కాగుతది. పాత ఫ్యాన్ 75 వాట్లు. రోజుకు 16 గంటలు తిరిగితే 1.2 యూనిట్లు. బీఎల్‌డీసీ ఫ్యాన్ 30 వాట్లు, గదే పనికి అర యూనిట్. ఎక్కువ తిరిగే ఫ్యాన్ ఒక్కటి మార్చినా నెలకు 20 యూనిట్లు దిగుతయి. ఇల్లు మారితే ఇప్పుకొని పోవచ్చు. కాకపోతే గోడ మీది పాత రెగ్యులేటర్‌ను లైన్ల నుంచి తీసేయించాలె. అది ఉంచి నడిపిస్తే ఫ్యాన్ గుంయ్‌మంటది, లోపలి బోర్డు పోతది.

ఇంకొక్క పని. పోయిన బిల్లు మీద ఉన్న రీడింగ్‌కు 195 కలిపి, ఆ అంకెను మీటరు పక్కన గోడ మీద చాక్‌పీసుతోని రాయుండ్రి. మీటర్ల అంకెలు మారుకుంట ఉంటయి, కేడబ్ల్యూహెచ్ అని వచ్చినప్పటిది చూడాలె. ఇరవయ్యో రోజున ఒకసారి పిల్లలను చూసి రమ్మంటే సరిపాయె.

పాట_పాడొద్దు:

చిట్టీ గురించి ఎవరూ అడగలేదు కానీ నాకు భయం అక్కడే ఉంది. అది రిజిస్టరయిన చిట్టీయేనా? 1982 చిట్ ఫండ్స్ చట్టం ప్రకారం ముందుగా రిజిస్ట్రార్ అనుమతి లేకుండా చిట్టీ నడపకూడదు. మినహాయింపు 18,000 లోపు వాటికే. మీది లక్షది. నడిపేవాళ్ల కమీషన్ చట్టం ప్రకారం 7 శాతం మించకూడదు. అగ్రిమెంటు కాపీ, పాస్‌బుక్ ఉన్నాయా చూసుకోండి. లేకపోతే ఈ చిట్టీ అయ్యాక అదే మనిషి దగ్గర రెండోది మాత్రం వేయకండి. ఇప్పుడు మధ్యలో వదిలేయమని చెప్పను. మీ జాగలోకి ఇంకొకరు వచ్చేదాకా డబ్బు రాదు, అందులోనూ కోత పడుతుంది.

మీరు ప్రతి నెలా 5,000 అని రాశారు. పాట చిట్టీ అయితే అట్లా రౌండుగా ఉండదు. ఉదాహరణకు ఒకరు 30,000 తగ్గించి 70,000కు పాడారనుకోండి. కమీషన్ 5,000 పోను 25,000 ఇరవై మందికి పంచితే తలా 1,250. ఆ నెల మీరు కట్టాల్సింది 3,750. ఆ తేడా మీకు తగ్గిస్తున్నారా, లేక ఎవరి దగ్గరన్నా ఆగుతోందా అడగండి. తగ్గిస్తున్నారంటే మీ 5,800 ఇంకొంచెం పెరగాలి, అదీ కనబడట్లేదు.

ఫీజు కోసం మాత్రం చిట్టీ ఎత్తకండి. ఎందుకో చూడండి. మొదటి నెల 5,000, రెండో నెల 3,750 కట్టి, రెండో నెల పాటలోనే 70,000కు ఎత్తుకున్న మనిషికి నికరంగా చేతికొచ్చింది 61,250. మిగతా 18 నెలలు సగటున 4,300 చొప్పున కడితే 77,400. ఊళ్లో భాషలో చెప్పాలంటే నూటికి రెండున్నర రూపాయల పైచిలుకు వడ్డీకి అప్పు తెచ్చినట్టు. అదే చిట్టీని చివరి రెండు మూడు నెలల దాకా ఆపుకున్న మనిషికి ఈ వడ్డీ లాభంగా వస్తుంది. చిట్టీ ఒకటే. ఆత్రపడేవాడు కడతాడు, ఆగేవాడు తింటాడు.

ఇంకో రెండు ముక్కలు. పాపకు 10 దాటింది కాబట్టి సుకన్య సమృద్ధి ఖాతా తెరవలేరు, దాని కోసం తిరగకండి. ఇంట్లో ఆమె జీతం చీటీలో ఈఎస్ఐ (ఉద్యోగుల వైద్య బీమా) కోత ఉందో చూడండి. జీతం 21,000 లోపు, షాపులో 10 మందో ఆపైనో పనిచేస్తుంటే ఉండాలి. 12,000 మీద ఆమె వాటా 0.75 శాతం, అంటే 90 రూపాయలు. అది ఉంటే భర్తకు, పిల్లలకు కూడా వైద్యం వర్తిస్తుంది. ఈ-పెహచాన్ కార్డులో మీ పేర్లు ఎక్కించలేదంటే మాత్రం కౌంటర్ దగ్గర తిప్పి పంపుతారు. హెల్త్ పాలసీ కొనే ముందు ఇది తేల్చుకోండి.

గునుగుపూలు:

అందరూ తగ్గించేదే చెప్పిండ్రు, తిరిగేది ఎవరూ చెప్పలే. తమ్మీ, 3,000ల మంచిగ తిరగొచ్చు, కాకపోతే బయట తిండిని రెండు ముక్కలు చేయాలె. ఒకటి పిల్లలతోని ఎటన్న పోయినప్పుడు తినేది. ఇంకొకటి రాత్రి 8 గంటలకు అలిసిపోయి ఫోన్ల ఆర్డర్ పెట్టేది. మొదటిది ఉంచుకోండి, రెండోది కోయండి. ఆ ఆర్డర్ ఎవరికీ యాదికి కూడా ఉండదు. హోటల్ మెనూ ధర, యాప్‌ల ధర పక్కపక్కన పెట్టి చూడండి, మీదికెళ్లి ప్యాకింగు, డెలివరీ, జీఎస్‌టీ.

ఆర్డర్ ఎందుకు పెడతరు? వండే ఓపిక లేక. ఆదివారం కిలోన్నర చికెన్ తెచ్చి, అర కిలో ఆ పూట వండి, మిగతా కిలోను ఉప్పు, పసుపు, కారం, అల్లంవెల్లుల్లి పట్టించి అర కిలో చొప్పున రెండు డబ్బాలు డీప్ ఫ్రీజర్ల పెట్టండి. పొద్దున పోయేటప్పుడు ఒక డబ్బా ఫ్రిజ్‌లనే కింది అరకు దించితే రాత్రికి కరిగి ఉంటది. కరిగినదాన్ని మళ్లీ గడ్డ కట్టియ్యొద్దు. పక్కకు బగారా అన్నం అరగంట పని. మూడు గ్లాసుల బియ్యం ఇరవై నిమిషాలు నానాలె. నూనెల షాజీరా, లవంగం, చెక్క, ఉల్లిగడ్డ, పచ్చిమిర్చి, పుదీన వేగినంక నీళ్లు. పాత బియ్యమైతే గ్లాసుకు రెండు, కొత్తవైతే గ్లాసున్నర. కొత్త బియ్యానికి రెండు పోస్తే అది బగారా కాదు, జావ.

ఇగ తిరుగుడు. మీ ఇంట్ల ఆమెకు, పాపకు పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సులల్ల టికెట్ లేదు. తెలంగాణ అడ్రసున్న అసలు ఆధార్ చేతిల ఉండాలె. డీలక్స్, సూపర్ లగ్జరీ ఎక్కితే నడవది. కొనేది మీకు ఒక ఫుల్లు, బాబుకు ఒక హాఫు. ఈ లెక్కన రామప్ప చౌకల అయితది. హన్మకొండల ములుగు దిక్కు పోయే ఎక్స్‌ప్రెస్ ఎక్కి జంగాలపల్లి క్రాస్ కాడ దిగి, అక్కడ ఆటో మాట్లాడుకోండి. పోను రాను, ఆగుడుతోని కలిపి ఒకటే ధర ముందుగాల మాట్లాడాలె. పోయేదానికే మాట్లాడితే వచ్చేటప్పుడు ఆయన చెప్పిందే ధర. పది గంటలకల్ల గుడిల ఉండాలె. ఎండాకాలం పదకొండు దాటినంక ఆ రాయి మీద చెప్పులు లేకుంట కాలు పెట్టలేరు, పిల్లలకు సాక్సులు తీస్కపోండి. గుడి 1213లది, 2021ల యునెస్కో జాబితాల చేరింది. గోపురానికి నీళ్ల మీద తేలే ఇటుకలు వాడిండ్రని చెప్తే బాబు అరగంట మీదికే చూస్తడు. తిండికి పులిహోర, సర్వపిండి కట్టుకపోండి. సర్వపిండి సాయంత్రం దాకా పాడుగాదు. తింటందుకు చెరువు కట్ట మీదికి పోతే కోతుల మీద ఒక కన్నుంచండి.

ప్రతి నెల అంత దూరం పోవుడు కూడా అక్కర్లేదు. ఒక నెల రామప్ప, ఇంకో నెల ఖిలా వరంగల్. కోట టికెట్ పెద్దోళ్లకే, 15 ఏండ్ల లోపు పిల్లలకు లేదు. సినిమాను మూడు నెలలకు ఒకటి చేయండి, అది కూడా విడుదలైన వారం కాకుండ.

బతుకమ్మకు ఒక మాట. సద్దుల నాడు పొద్దుగాల మార్కెట్ల పూలు కొంటే నడ్డి విరుగుతది. గునుగు రెండు రోజుల ముందే తెచ్చి కట్టలు కట్టి నీడల పెట్టినా ఏం గాదు, రంగు కూడా అప్పుడే అద్దుకోవచ్చు. తంగేడు మాత్రం ఆ పొద్దుదే కావాలె, మధ్యాహ్నానికే వాడిపోతది. పిల్లల బట్టలు ఆషాఢం తగ్గింపుల కొంటే మంచిదే, కానీ బాబుకు ఒక సైజు పెద్దది తీయండి, దసరా వరకు పెరుగుతడు.

హన్మకొండ_పద్దు:

అందరికి దండాలు. ఏడాది పద్దు చూసినంక ఇంట్ల ఇద్దరం ఒకరి మొఖం ఒకరం చూసుకున్నం. ఆమె ఒక్కటి అడుగుతాంది. ఆ 3,000 సరదా డబ్బులు ఒక నెల మిగిలితే పొదుపుల కలపాల్నా?

చిట్టీ పాస్‌బుక్ ఉంది, రిజిస్టర్ నంబర్ లేదు. అడుగుత.

మీటరు చూసిన. పోయిన రీడింగ్ తీసి 20 రోజులైంది, 143 కాలినయి.

బీట్‌బజార్_లెక్క:

కలపొద్దు. పక్క నెలకు తోసేయండి. మూడు నెలలు మిగిలినవి కూడితే లక్నవరం పోయి రావచ్చు. మిగిలిందల్లా పొదుపు ఖాతా మింగుతుందని తెలిస్తే మూడో నెల నుంచి ఇంట్లో ఎవరూ మిగల్చరు.

మీటర్_మామ:

143ను 20తో భాగిస్తే రోజుకు 7.15. ఇట్లనే పోతే 30 రోజులకు 214. ఇంకా పది రోజులున్నయి, చేతిల 57 యూనిట్లున్నయి, అంటే రోజుకు 5.7. దాదాపు యూనిట్‌న్నర తగ్గాలె. గీజర్ పావు గంట మించొద్దు, అక్కడ అర యూనిట్ దిగుతది. ఒకే గదిల పండుకుంటే రెండో ఫ్యాన్ బంద్, ఇంకో అర. మిగిలింది ఇస్త్రీ పెట్టె. వెయ్యి వాట్లది, రోజుకొక జత కాకుండ వారానికోసారి అన్నీ ఒక్కసారే చేయుండ్రి. రీడింగ్ తీసినంక అంకె ఇక్కడ పెట్టుండ్రి.